సముద్రంల కొర్రమట్టలు

మా బడిల పెద్ద తరగతుల పిల్లలం పదకొండు మందిమి. నవల ఒక్కటే. ఆ చిక్కును సుసన్న పంతులమ్మ కత్తెరతోని తీర్చింది.

అట్ట లేని పుస్తకం అది. హయత్‌నగర్‌ల కిరాణ దుకాణపాయన అప్పటికే అట్ట చింపి ఇంగువ పొట్లం కట్టిండట. లోపలి కాయితాల మీద చెయ్యి వెయ్యబోతుంటే పంతులమ్మ చూసి, ఎడ్ల కచ్చురం దిగి, పుస్తకం కొనుక్కొని మళ్ల ఎక్కింది. అందుకే దానికి పేరు లేదు, రాసినాయన పేరూ లేదు. ఇంగువ వాసన మాత్రం మస్తుగ ఉండె.

దాన్ని బల్ల మీద బోర్ల పెట్టి, వెన్ను మీది దారాలు పుటుక్కు పుటుక్కున కత్తిరిస్తుంటే మేము నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నం. కాయితానికి కాలు తగిలితే కండ్లకద్దుకునే పిల్లలం. చదువులతల్లిని మా కండ్ల ముందరనే కోస్తున్నట్టు ఉండె. పంతులమ్మ మాత్రం చిక్కుడుకాయ ఈనె తీసినంత నింపాదిగ తీసింది. పదహారు పేజీలకొక కట్ట, మొత్తం పదకొండు కట్టలు. ఒక్కొక్క దానికి పాత చీర గుడ్డతోని తొడుగు కుట్టి, హాజరీ పట్టీల వరుస ప్రకారం పంచింది.

నా పేరు మణెమ్మ. పటేలు బిడ్డను కాబట్టి పట్టీల మొదటి పేరు నాదే, మొదటి కట్టా నాదే. ఇంగువ వాసనంత నా వంతుకే వచ్చింది. ఆఖరి పేరు సుక్కమ్మది. పెద్దచెరువుల చేపలు పట్టే బుగ్గయ్య బిడ్డ. ఆఖరి కట్ట ఆమెకు పోయింది.

"ఎవరి కట్ట వాళ్లే చదవాలె. బడిల చదవాలె, బయట గాదు. మీ వంతు రాకముందు దాంట్ల ఏమున్నదో కన్నతల్లికి గూడ చెప్పొద్దు," అన్నది పంతులమ్మ.

"చెప్తే ఏమైతది?" అన్నది లక్ష్మమ్మ. ఐదో కట్ట ఆమెది. మా అందరి అనుమానాలు ఆమె నోటితోనే బయటికి వచ్చేటివి.

"మిగిలిన పదిమంది నీతోని మాట్లాడరు."

బెత్తం కంటే అది గట్టి శిక్ష. లక్ష్మమ్మ కూసున్నది.

అప్పుడు నిజాం సర్కారు రోజులు. దూరంగ ఎక్కడనో లడాయి నడుస్తుండె. దాని మూలంగ మా ఊళ్లె కిరసనాయిలు దొరకకుండ పోయింది. మాది ఆడపిల్లల బడి, పెంకుటిల్లు. పొద్దంత ఉర్దూ చదువు, సాయంత్రం ఒక్క గంట తెలుగు. ఆ గంటనే మా నవల గంట. వంతు రాని పిల్లలు అంతకుముందే గోడ దిక్కు తిరిగి కూసోని, ఎవరి కట్ట వాళ్లు గొణుక్కుంట సాపు చేసుకునేటోళ్లు. వంతు వచ్చిన పిల్ల నిలబడి చదివితే మిగిలినోళ్లం కండ్లు మూసుకొని వినాలె. ఆమె తడబడితే ఎవ్వరూ మాట అందియ్యొద్దు. లక్ష్మమ్మ 'ఓడసరంగు' అన్న మాట దగ్గర ఎంతసేపు ఆగిందంటే, వీధిల మేకల మంద అటు పోయి మళ్ల ఇటు వచ్చింది. ఎవ్వరం కిక్కురుమనలే. ఆ మాట ఆమెకు చిక్కినంక పదిమందిమి ఒక్కసారే ఊపిరి విడిచినం. తర్వాత కాలేజీల మా ప్రొఫెసరు, నవలను విడగొట్టి చదవాలె అని గంటసేపు చెప్పినప్పుడు నాకేం కొత్తనిపియ్యలే.

కథ హేమవల్లిది. షాహుకారు బిడ్డ. తమ్ముణ్ణి ఎత్తుకపోయిన ఓడదొంగలను వెతుక్కుంట మగవేషం వేసుకొని సముద్రం మీద పోతది. మా అందరిల సముద్రం చూసినోళ్లు ఎవ్వరూ లేరు. పెద్దచెరువు నిండినప్పుడు అవతలి గట్టు కనపడది గద, గదే మాకు సముద్రం. పంతులమ్మ ఒక్కతే చూసింది, చిన్నప్పుడు మిషనోళ్ల బడిల చదువుకునేటందుకు బందరు పోయినప్పుడు.

ఒక కట్ట రాకుంటే కథ ఆగిపోతది గద, ఇగ బడి ఎగ్గొట్టేటోళ్లే లేరు. జొరం వచ్చిన పిల్ల గొంగడి కప్పుకొని వచ్చేది. సుక్కమ్మను ఆఖరి కట్టల ఏమున్నదో చెప్పుమని అందరం పీడించినం. జామకాయలు ఇచ్చినం, బెల్లంముక్క ఇచ్చినం. జామకాయ తిన్నది, బెల్లం తిన్నది, చెయ్యి కడుక్కున్నది.

"మరి చెప్పు."

"బాగున్నది."

"ఏం బాగున్నది?"

"బెల్లం."

ఇంటికి పోయినంక నేను ఆనాటి కథ మా అమ్మ అనంతమ్మకు చెప్పేదాన్ని. మా అమ్మకు చదువు రాదు. బియ్యంల రాళ్లు ఏరుకుంట, "మనకెందుకే ఆ ఓడల ముచ్చట్లు" అనేది. నేను ఆగితే చాట పక్కకు పెట్టి, "మరి ఆ తాడు తెగిందా లేదా?" అనేది.

మా ఇంట్ల వెట్టి ఉండె. రాయకుంటే అబద్ధమైతది. చేపలోళ్ల ఇండ్ల నుంచి వంతుల వారీగ ఒక్కొక్కరు వచ్చి కొట్టం ఊడ్చి, పేడ తీసి, నీళ్లు మోసి పోవాలె. కూలి లేదు. బుగ్గయ్య ఇంటి వంతు వచ్చేసరికి అతని పెండ్లాం ఈదమ్మ చలిజొరంతోని మంచం పట్టింది. ఒకనాడు పొద్దుగాల నేను పండ్లు తోముకుంట కొట్టం దిక్కు చూస్తే, పేడ తట్ట కింద సుక్కమ్మ ఉన్నది.

నన్ను చూసి ఆమె సిగ్గుపడలే. నేనే పడ్డ.

"నిన్న హాజరీ పిలిచినప్పుడు నా పేరు కాడ ఏం పెట్టిన్రు?" అన్నది.

"గైర్‌హాజర్."

"పదిహేను గైర్‌హాజర్లు వరుసగ పడితే పేరు కొట్టేస్తరు గదా?"

"అవ్."

నాలుగో తరగతి పరీక్ష ఎండకాలంల, ఖుర్దాద్ నెలల. ఇంక ఆరు వారాలు ఉండె. పట్టీల పేరు పోతే పరీక్ష లేదు. పరీక్ష పాసైతే పట్నంల ఆడపిల్లల బడిల సీటు ఇప్పిస్తనని, అక్కడ్నే ఉండి చదువుకోవచ్చని, పంతులమ్మ సుక్కమ్మకు మాటిచ్చింది. సుక్కమ్మ తట్ట నెత్తి మీద సర్దుకొని, వేళ్లు మడుచుకుంట పెంటకుప్ప దిక్కు పోయింది. దినాలు లెక్కపెడుతున్నదని నాకు తెలిసింది.

వారానికి పంతులమ్మే మా ఇంటికి వచ్చింది. అరుగు ఎక్కుమని ఆమెను ఎవ్వరూ అనలే. ఆమె గూడ ఎక్కాలెనని చూడలే. కింద నిలబడే, మంచం మీద కూసున్న మా బాపుతోని మాట్లాడింది. మా బాపు ఇంద్రసేనారెడ్డి అంటే మన్నెగూడ దాక మనుషులు చెప్పులిడిచి నిలబడేటోళ్లు. ఆమె చెప్పులు ఇడువలే.

"పటేలా, పిల్ల చురుకైనది. పరీక్ష దాక బడికి పంపియ్యున్రి."

"చదివి ఏం జేస్తదమ్మా? చేపలకు పాఠాలు చెప్తదా?"

"చెప్తే చేపలు వింటయి పటేలా. మనుషులకే జర కష్టం."

బాపు నవ్విండు. ఆ మాట ఎవరికి తగిలిందో ఆయనకు ఎక్కేసరికి పంతులమ్మ వాకిలి దాటింది. "వంతు వంతే," అని ఆయన ఖాళీ వాకిలికి చెప్పిండు.

పదకొండో గైర్‌హాజర్ నాడు పదో కట్ట అయిపోయింది. ఓడకు నిప్పంటుకున్నది. హేమవల్లి కింది అరల ఉన్నది, చేతులకు తాడు, తలుపుకు గడియ. అక్కడ కాయితం అయిపోయింది.

"తర్వాత?" అన్నది లక్ష్మమ్మ.

"పదకొండో కట్ట మనిషి వచ్చినప్పుడు," అని పంతులమ్మ లెక్కల పలకలు తీయమన్నది.

సాయంత్రం అమ్మకు ఇదంత చెప్పి నేను ఆగిన. చాట పక్కకు పోయింది.

"తర్వాత?"

"ఆఖరి కట్ట సుక్కమ్మ దగ్గర ఉన్నది."

"ఏ సుక్కమ్మ?"

నేను కొట్టం దిక్కు చూసిన. అమ్మ గూడ చూసింది. సుక్కమ్మ ఎడ్లకు కుడితి పెడుతున్నది.

"ఏమే పిల్లా, ఇటు రా. ఆ పొల్ల ఓడల కాలిపోయిందా, బతికిందా?"

"బడిలనే చదవాలె దొరసానీ. బయట చెప్పొద్దని మా కట్టుబాటు."

"నేను అడుగుతున్న గదనే!"

"కన్నతల్లి అడిగినా చెప్పొద్దన్నది పంతులమ్మ. మా అమ్మ జొరంల గూడ అడిగింది. చెప్పలే."

మా అమ్మకు ఎదురు మాట్లాడినోళ్లు ఆ వాకిట్ల నిలబడలే. సుక్కమ్మ మాత్రం కుడితి చెంబు పట్టుకొని తలవంచుకొని అట్లనే నిలబడ్డది. అమ్మ నా దిక్కు తిరిగింది.

"ఆ కట్ట తెచ్చి నువ్వు చదువవే."

"ఒకరి కట్ట ఒకరు ముట్టొద్దమ్మా. ముడితే సరస్వతి కండ్లు తీస్తదట."

ఈ ఆఖరి మాట నేను కల్పించిన. సుసన్న పంతులమ్మకు సరస్వతితోని అంత పరిచయం లేదు.

ఆ రాత్రి అన్నం వడ్డించుకుంట మా అమ్మ బాపుతోని అన్నది: "బడిల పురాణం నడుస్తున్నది. ఆఖరి దాక వింటనని మొక్కుకున్న."

బాపు ముద్ద ఆగింది. "కిరస్తానీ పంతులమ్మ పురాణం పెట్టిందా?"

"దేవుడొక్కడే అని పోలీసు అమీన్ సాబ్ వచ్చినప్పుడల్ల మీరే గద అంటరు. ఆఖరి కాండం ఆ సుక్కమ్మ చేతుల ఉన్నది. మొదలుపెట్టిన పారాయణం మధ్యల ఆగింది."

మా బాపు అమీనుకు భయపడడు, తహసీల్దారుకు భయపడడు. మధ్యల ఆగిన పారాయణానికి భయపడ్డడు. అట్ల ఆగిన ఏడాది వాళ్ల నాయిన హయాంల బావి కూలిందట. "రోజు పగటీలి పోయి చదివి రమ్మను," అన్నడు. "పేడ తీసినంకనే."

ఈ సంగతి తెలిసిన తెల్లారే పంతులమ్మ నవల గంటను సాయంత్రం నుంచి పగటీలి హాజరీ దగ్గరికి జరిపింది. సుక్కమ్మ వచ్చి "హాజర్" అన్నది. పేరు నిలిచింది.

వెనకాలనే మా అమ్మ వచ్చింది. నేను చెప్తే మధ్యల మింగుతనని ఆమెకు అనుమానం. "మణెమ్మ సద్ది మరిచిపోయింది," అన్నది పంతులమ్మతోని. నేను సద్ది తిని చెయ్యి కడుక్కొని అప్పటికి చాలాసేపైంది. పంతులమ్మ తన కుర్చీ తెచ్చి అరుగు మీద కిటికీ పక్కన వేసింది. అమ్మ ఆ కుర్చీని చూసింది, పంతులమ్మను చూసింది. మిషనామె కూసునే కుర్చీల పటేలు భార్య కూసునుడు అంటే ఊరికి ఆర్నెల్ల ముచ్చట. ఇంతల లోపల సుక్కమ్మ "పొగ కమ్ముకొనెను" అని మొదలుపెట్టింది. అమ్మ కూసున్నది.

సుక్కమ్మ చదువు ఎట్లుండేదంటే, వల తీసినట్టు ఉండేది. తొందర లేదు. ఒక్కొక్క మాటను పైకి తెచ్చి, చూపించి, పక్కకు పెట్టి, తర్వాతి దానికి పోయేది. రోజుకు ఒక్క పేజీ. మధ్యల పంతులమ్మ ఆపేది.

"ఆగు సుక్కమ్మా. పడవల నలభై రెండు కుండల మంచినీళ్లు. ఏడుగురు మనుషులు. రోజుకు తలా ఒక కుండ. ఎన్ని దినాలు బతుకుతరు?"

మేము పలకల మీద గీసేలోపల కిటికీల నుంచి మా అమ్మ గొంతు వినపడేది. "ఆరు దినాలు! అయ్యో, ఆరు దినాలల్ల గట్టు వస్తదా పంతులమ్మా?"

అట్ల సుక్కమ్మకు లెక్కలు, జుగ్రాఫియా, అన్ని ఆ గంటలనే అయినయి. మా అమ్మకు గూడ అయినయి. అవి పురాణంల భాగమనే ఆమె అనుకున్నది.

పదహారు పేజీలు ఎంత మెల్లగ నడిచినా పదహారే, అవి అయిపోతే సుక్కమ్మకు బడి బందే. ఒకనాడు హేమవల్లి పడవల వాళ్లకు ఆకలైంది. సుక్కమ్మ చదివింది: "అప్పుడు హేమవల్లి వల విసిరెను. వలలో కొర్రమట్టలు పడెను. ఒక్కొక్కటి మూరెడు. ఆమె వాటి తలను కాలితో తొక్కిపట్టి, బూడిద రాసి, పొలుసు గీకెను."

నేను కండ్లు తెరిచిన. అప్పటిదాక హేమవల్లి పూలదండలు తప్ప ఏదీ ముట్టలే. షాహుకారు బిడ్డకు పొలుసు గీకుడు ఎవరు నేర్పిన్రు?

లక్ష్మమ్మ నిలబడ్డది. "పంతులమ్మా, సముద్రంల కొర్రమట్టలు ఉంటయా? అవి చెరువు చేపలు గద?"

సముద్రం చూసిన మనిషి మా ఊళ్లె ఒక్కతే. ఆమె కిటికీ దిక్కు ఒకసారి, సుక్కమ్మ దిక్కు ఒకసారి చూసింది.

"కూసో లక్ష్మమ్మా. సముద్రం పెద్దది," అన్నది.

నేను మెల్లగ మెడ సాపి సుక్కమ్మ చేతుల కట్టను చూసిన. ఆఖరి పేజీ ఎప్పుడో తిరిగిపోయింది. ఆమె ముందర ఉన్నది పుస్తకం చివర అచ్చేసిన, తలనూనె అమ్మేటోళ్ల ఇస్తిహారు. జడేసుకున్న ఆడామె బొమ్మ, పక్కన సీస. దాని మీద కండ్లు ఎడమ నుంచి కుడికి నడిపించుకుంట, అదే గ్రాంథికంల, అదే రాగంల సుక్కమ్మ చదువుతున్నది. పేజీ అయిపోయినప్పుడు వెనకకు తిప్పి, మళ్ల ముందటికి తిప్పేది.

ఆనాటి సంది చూస్తే, పది మందిల కండ్లు మూసుకున్నోళ్లు ఒక్కరూ లేరు. అందరికీ తెలిసింది. ఒక్కరూ నోరు తెరువలే. తడబడితే అందియ్యొద్దని నేర్చుకున్నోళ్లం గద, తడబడకుంట అబద్ధం చదివేటామెకు అడ్డం ఎట్ల పోతం? పంతులమ్మ హాజరీ పట్టీ మీద వంగి ఏదో దిద్దుకుంట కూసునేది. ఆమె కలం మూత మాత్రం తెరిచేది కాదు.

హేమవల్లి వల అల్లింది. తెప్ప కట్టింది. దొంగల నాయకునికి చేప ముల్లు గొంతుల అడ్డం పడితే అన్నంముద్ద మింగిపిచ్చి బతికిచ్చింది. మొదట రాసినాయన హేమవల్లిని మాటిమాటికి మూర్ఛపోనిచ్చేటోడు. సుక్కమ్మ చేతికి వచ్చినంక ఆమెకు మూర్ఛపోయే తీరికే దొరకలే.

పరీక్ష ఇంక తొమ్మిది దినాలు ఉందనంగ, కథ మధ్యల మా అమ్మ కుర్చీల నుంచి లేచి లోపలికి వచ్చింది. తిన్నగ సుక్కమ్మ దగ్గరికి పోయి కట్ట చేతుల నుంచి తీసుకున్నది. చదువు రాకున్నా కండ్లు ఉన్నయి గద. బొమ్మ చూసింది.

"ఈ సీస ఏంది?"

సుక్కమ్మ పెదవులు తడుపుకున్నది. పంతులమ్మ లేచి నిలబడ్డది. "అమ్మా, తప్పు నాది..." అనబోయింది.

"నిన్ను అడగలే పంతులమ్మా. ఏమే సుక్కమ్మా, ఎన్నిరోజుల సంది ఈ సీసను చదువుతున్నవ్?"

"నాలుగు దినాలైంది దొరసానీ," అన్నది సుక్కమ్మ. చిన్న గొంతు. తల మాత్రం వంచలే.

"నాలుగు దినాలు." అమ్మ సీస బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "నాకు మొన్ననే అనుమానం కొట్టింది. చేపల పులుసు పెట్టింది గదా ఆ పొల్ల, నట్టనడి సముద్రంల చింతపండు ఎక్కడిదే?"

ఎవ్వరం నవ్వలే. నవ్వొచ్చో లేదో తెల్వలే.

"పరీక్ష ఎన్నడు?"

"ఇంక తొమ్మిది దినాలు."

అమ్మ కట్టను సుక్కమ్మ చేతుల పెట్టింది. మామూలుగ వెట్టి పిల్లల చేతులకు ఏదైనా ఇచ్చేటప్పుడు పైనుంచి వేసేది. ఈసారి పెట్టింది.

"తొమ్మిది దినాలకు సరిపోయేంత కథ ఉన్నదా నీ దగ్గర?"

"ఉన్నది దొరసానీ."

"అయితే చదువు. చింతపండు ఎక్కడి నుంచి వచ్చిందో గూడ జర చదువు," అని పోయి కుర్చీల కూసున్నది.

సుక్కమ్మ గొంతు సవరించుకున్నది. తలనూనె సీస దిక్కు చూసుకుంట, "హేమవల్లి కొంగున తల్లి కట్టి ఇచ్చిన చింతపండు ముద్ద ఉండెను," అని చదివింది. కిటికీ అవతల మా అమ్మ తల ఊపింది.

ఎనిమిదో నాటికి తమ్ముడు దొరికిండు. ఆఖరి దినం ఓడసరంగు వచ్చి పెండ్లి చేసుకుంటనన్నడు. సుక్కమ్మ ఆగి కిటికీ దిక్కు చూసింది.

"పెండ్లి వద్దు, ఓడ ఇయ్యుమను," అన్నది మా అమ్మ.

"ఆమెకు ఓడను ఇచ్చెను," అని చదివింది సుక్కమ్మ. కట్ట మూసింది.

పరీక్ష నాడు పొద్దుగాల మా ఇంట్ల పరమాన్నం వండిన్రు. పారాయణం సంపూర్ణమైంది గద. పదకొండు మందిమి పరమాన్నం తిని పరీక్షకు పోయినం. మా బాపు తన గిన్నెను రెండు చేతులతోని పట్టుకొని, హేమవల్లి ప్రసాదాన్ని కండ్లకద్దుకొని తిన్నడు. తిన్నంక, మేము ఇంకా బయలెల్లకముందే, సుక్కమ్మ పేడ తట్ట ఎత్తబోతుంటే చూసి కసిరిండు.

"ఆ తట్ట కింద పెట్టించున్రి. పురాణం చదివిన పిల్లతోని పేడ మోపిస్తే ఇల్లు నిలుస్తదా?"

మా అమ్మ పరమాన్నం గిన్నెల దిక్కు తిరిగి, వాటిని చాలాసేపు సర్దింది.

వెట్టి మాత్రం పోలేదు. జొరం తగ్గిన ఈదమ్మ వచ్చి మిగిలిన వంతు తీర్చింది. పరమాన్నానికి అంతకంటె బలం లేకపోయె. సుక్కమ్మ పాసైంది. పంతులమ్మ తన ట్రంకుపెట్టెల సగం జాగ ఇచ్చి, తనే వెంటబెట్టుకొని పట్నం తీసుకపోయింది. కచ్చురం ఎక్కేముందు సుక్కమ్మ తన కట్ట నా చేతుల పెట్టింది.

"ఇగ నీదే మణెమ్మా. కండ్లు పోతయేమో చూస్కో."

కచ్చురం మలుపు తిరిగినంక, మొట్టమొదటిసారి ఆ పదహారు పేజీలు నేను ముట్టి చదివిన. తర్వాత అమ్మను కూసోబెట్టి చదివి వినిపిచ్చిన. పొగ, నిప్పు, పడవ, మంచినీళ్ల కుండలు, అన్ని ఉన్నయి. సుక్కమ్మ మాకు చదువకుండ తిప్పేసిన ఆఖరి పేజీల తమ్ముడు ఎట్లనో దొరుకుతడు. హేమవల్లి మళ్లొకసారి మూర్ఛపోతది. ఓడసరంగు ఎత్తుకుంటడు. నాలుగు వాక్యాలల్ల పెండ్లి.

అమ్మ చాట ఒళ్లో పెట్టుకొని ఆఖరి దాక విన్నది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"కొర్రమట్టలేవి?"

"లేవమ్మా. పుస్తకంల లేవు."

అమ్మ బియ్యంల ఒక రాయి ఏరి వాకిట్లకు విసిరింది.

"అయితే రాసినాయనకు సముద్రం తెల్వదు," అన్నది.